మద్దేడ్ వాగులో తొక్కుడు పడవలు

బచేలి ఇనుప ఖనిజం గనుల్లో ఫిట్టరుగా రిటైరైన మా అన్నయ్య దసరా దాటాక ఫోను చేశాడు. మద్దేడ్ దగ్గర సైకిలులా తొక్కి నడిపే తొక్కుడు పడవలు సొంతంగా కట్టుకునేవాళ్లు ఏటా ఒకచోట కలుస్తారట, రమ్మన్నాడు. బ్యానరు లేదు, మైకు లేదు, బహుమతులూ లేవు. పడవల మీద నాకు ఆసక్తి లేదు గానీ అన్నయ్యను చూసి ఏడాది దాటింది. పంట కోతలయ్యాక వెళ్లాను.

ఏటూరునాగారంలో పొద్దున ఏడింటికి బీజాపూర్ వెళ్లే ప్రైవేటు బస్సు ఎక్కాను. గోదావరి వంతెన మీద కిటికీలోంచే దండం పెట్టుకున్నాను. తార్లగూడ దాటాక రాష్ట్రం మారింది, బోర్డులన్నీ హిందీలోకి మారాయి. నేను బడికి వెళ్లలేదు. నాన్న ఇంట్లోనే తెలుగుతో పాటు హిందీ అక్షరాలు కూడా దిద్దించారు కనుక ఊళ్ల పేర్లు చదువుకుంటూ కూర్చున్నాను. ఆధార్ కార్డు చేతికందేలా పెట్టుకోండి, దారిలో రెండుచోట్ల పోలీసులు అడుగుతారు. భోపాలపట్నంలో టిఫినుకు ఆపారు. పూరీ, బంగాళదుంప కూర వేడిగా ఉన్నాయి. నా పక్కన కూర్చున్న ముసలాయన ఎక్కడికని అడిగితే చెప్పాను. "సైకిల్ నేల మీద తొక్కుతే సాలదా ఏంది?" అన్నాడు.

మధ్యాహ్నానికి మద్దేడ్‌లో దిగాను. అన్నయ్య రోడ్డు మీదే ఎదురుచూస్తున్నాడు. రాత్రి ఇద్దరికీ బస తన స్నేహితుడు, వెల్డింగ్ షాపు శంకర్ గారింట్లో. జొన్నరొట్టె, చిక్కుడుకాయ కూర పెట్టారు. ముక్కూ మొహం తెలియని నాకు కొత్త దుప్పటి తీసిచ్చిన ఆ ఇల్లాలికి ఏ రుణమో అనుకున్నాను.

మర్నాడు ఎండ ఎక్కాక ట్రాక్టరులో వాగుకు అడ్డంగా కట్ట కట్టిన చోటికి వెళ్లాం. స్టాప్‌డ్యామ్ వెనక నీళ్లు కదలకుండా నిలిచి ఉన్నాయి. ఒడ్డున ఏడెనిమిది పడవలున్నాయి. ఒకటి ప్లాస్టిక్ పైపుల మీద, ఒకటి థర్మాకోల్ మీద. బీజాపూర్ నుంచి వచ్చిన జీపు మెకానిక్ తన పడవకు జీపు బానెట్టు, హారనూ పెట్టాడు.

వాళ్లకొక నియమం ఉంది. ఎవరి పడవ వాళ్లు తొక్కకూడదు. కట్టినవాడికి దాని లోపాలన్నీ తెలుసు, సర్దుకుంటూ నడిపేస్తాడు. అందుకని వేరేవాళ్లు తొక్కాలి, కట్టినవాడు ఒడ్డున కూర్చుని నోరు మెదపకూడదు. గుర్తుగా పళ్ల మధ్య వేపపుల్ల పెట్టుకోవాలి. అన్నయ్య పడవను శంకర్ తీసుకెళ్లి గుండ్రంగా తిప్పుతుంటే, పుల్ల కొరుకుతూ అన్నయ్య పడ్డ బాధ నేను మా ఇంటి పెళ్లిళ్ల అప్పగింతల్లో కూడా చూడలేదు.

అందరిదీ సరదా. సమ్మయ్య అనే రైతుది మాత్రం కాదు. నాలుగు నీలం డ్రమ్ములు, వెదురు చట్రం, పాత సైకిలు, వెనక నూనె డబ్బాల రేకులతో చేసిన చక్రం, ఇదీ ఆయన పడవ. వాళ్ల పొలం వాగు అవతల ఉంది. నాట్ల సమయంలో వాగు నిండి ఉంటుంది. వరద తగ్గేదాకా ఆగితే నారు ముదిరిపోతోంది. పడవ కూలీలను, నారును మోస్తే సాగు తమదే, లేదంటే భోపాలపట్నంలో ఉండి అటువైపు కూలీలతో నాటించగల సమ్మయ్య బావకు పంటలో వాటా మీద పాలుకివ్వాలి. ఇదంతా ఆయన భార్య కన్నమ్మ నాకు చెప్పింది. కూలీల బరువు చూడడానికి ముగ్గురు ఎక్కాలి, తొక్కేది ఆమే. తోటికోడలు వచ్చింది. ఎక్కాల్సిన మూడో ఆమె సంతకు పోయింది.

అందరూ నా వైపు చూశారు.

నాకు ఈత రాదని చెప్పాను. "నీకు ఈతెందుకక్కా, బరువు కావాలె మాకు" అంది కన్నమ్మ. మెకానిక్ గట్టిగా నవ్వాడు. అన్నయ్య నా చెప్పులు తీసి పక్కన పెట్టేశాడు. నారుకు బదులు తడిపిన గడ్డి కట్టలు మా మధ్య వేశారు. నేను వెదురు పట్టుకుని రామనామం మొదలుపెట్టాను.

ఒడ్డు నుంచి బాగానే కదిలాం. కొంతదూరం పోయాక పడవ ఆగిపోయింది. మా బరువుకు డ్రమ్ములు దిగి, వాటితో పాటు వెనక చక్రం కూడా సగానికి పైగా మునిగిపోయింది. కన్నమ్మ లేచి నిలబడి తొక్కినా పెడల్ కిందికి రాలేదు. నేను కళ్లు తెరిచేసరికి సమ్మయ్య నోట్లో పుల్ల రెండు ముక్కలై ఉంది. తాడుతో వెనక్కి లాగారు.

అప్పుడు గానీ వాళ్లకు తట్టలేదు, ఇన్నేళ్లూ ప్రతి పడవనూ ఒక్క మనిషితోనే చూశారని. చక్రాన్ని జానెడు పైకి లేపాలని శంకర్ అన్నాడు. అలా చేస్తే ఖాళీ పడవలో చక్రం నీళ్లను తాకదని అన్నయ్య అన్నాడు. అదీ నిజమే. రెండింటికీ కుదిరే ఎత్తు లేదు. సమ్మయ్య పుల్ల తీసేసి, ఇక బావకు కబురు పంపుతానన్నాడు.

"లేపుర్రి" అంది కన్నమ్మ.

"కూలోళ్లను దించి ఖాళీగ ఎట్లొస్తవ్? గాలిల తొక్కుతవా?" అన్నాడు సమ్మయ్య.

"రాళ్లేసుకొనొస్త."

"రోజంత రాళ్లు మోసుడేనా?"

"నడుముల్లోతు నీళ్లల్ల నారు నెత్తిన పెట్టుకొని దాటిన్నాడు అడగలే. ఇప్పుడడుగుతున్నవ్."

శంకర్ రెంచీ తీశాడు.

రెండోసారి ఎక్కడానికి నాకు మొదటిసారి కంటే ఎక్కువ భయం వేసింది. కానీ దిగిపోతే తూకం తప్పుతుందని కూర్చున్నాను. ఈసారి రేకులు నీళ్లను కొట్టిన చప్పుడు ఆగకుండా వినిపించింది, చిమ్మిన నీళ్లకు నా చీరంతా తడిసింది. అవతలి ఒడ్డు తగిలింది. కన్నమ్మ దిగి, కోసిన వరి కొయ్యకాళ్ల మధ్య నుంచి గట్టుదాకా నడిచి, రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. మమ్మల్ని అక్కడే ఉంచి, రాళ్లు వేసుకుని ఒక్కతే ఇవతలికి తొక్కింది. మళ్లీ వచ్చి మమ్మల్ని తీసుకెళ్లింది.

మూడింటికి రోడ్డు మీద బస్సు దొరికింది. నాతో పాటు కన్నమ్మ కూడా ఎక్కింది. సాగు తామే చేసుకుంటామని కబురు పంపితే బావకు కోపం వస్తుందని తానే వెళ్లి చెబుతానంది. పొలం మీద ఆశ పెట్టుకున్న మనిషికి నొప్పి తగలకుండా ఎలా చెప్పాలని దారంతా నన్ను అడిగింది. పెద్దవాడు కనుక ముందు దండం పెట్టమని మాత్రం అన్నాను.

భోపాలపట్నంలో బస్సు చాలాసేపు ఆగింది. బావ టీ కొట్టు ముందు బెంచీ మీద ఉన్నాడు. కన్నమ్మ దండం పెట్టి, నిలబడే మాట్లాడింది. చేత్తో చక్రం తిరగడం చూపించింది, రాళ్లు చూపించింది. ఆయన కాస్త పక్కకు జరిగి బెంచీ మీద చోటిచ్చాడు, లోపలికి కేకేసి ఇంకో టీ చెప్పాడు. ఆమె కూర్చున్నాక మా బస్సు కదిలింది.

వెళ్లాలనుకునేవాళ్లు చలికాలంలోనే వెళ్లండి, నీళ్లు నిలకడగా ఉంటాయి. మార్చుకోవడానికి ఇంకో చీర తీసుకెళ్లండి. నా చీర ఏటూరునాగారం చేరేదాకా ఆరలేదు. కాస్త తగ్గమ్మా అని డాక్టరు ఎప్పుడూ కోప్పడే ఈ ఒళ్లు ఒక పూట ఒకరి నాట్లకు పనికొచ్చింది. చలికి కొంగు చుట్టుకుని, అందుకు స్వామికి మనసులోనే దండం పెట్టుకున్నాను.