కేశవరావు రాయించని మనిషి

కేశవరావుకి పోయినవాళ్ళ మీద ఉన్న మర్యాద బతికున్నవాళ్ళ మీద లేదు. హామిల్టన్‌లో ఇంజనీరుగా రిటైరై, దగ్గర్లోని పల్లెలో ఇల్లు కొన్నాక, ఆయన పాత సెన్సస్ మీద, అంటే జనాభా లెక్కల కాగితాల మీద పడ్డాడు. కెనడాలో ఆ కాగితాలను తొంభై రెండేళ్ళు దాచి, తర్వాతే జనానికి చూపిస్తారు. ఆ పల్లెలో 1931లో ఏ గడపలో ఎవరుండేవారో ఆయనకు కంఠతా వచ్చు. పక్కింటావిడ పేరు మాత్రం ఇప్పటికీ తెలియదు.

అది చూసి చెల్లెలు సూర్యకుమారికి ఒళ్ళు మండేది. ఆమె విండ్సర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసింది. భర్త పోయాక, అన్నయ్య రమ్మంటే నమ్మి, ఇల్లమ్ముకుని వచ్చింది. బేస్‌మెంట్‌లో గది, చిన్న వంటిల్లు, విడిగా తలుపు ఇచ్చారు. ఇంటికొచ్చినవాళ్ళతో అన్నయ్య, "మా సిస్టర్, కొన్నాళ్ళు ఉందామని వచ్చింది" అనేవాడు. ఆ కొన్నాళ్ళకి ఆరేళ్ళు నిండాయి.

ఒకరోజు టీ తాగుతూ ఆయన లాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు.

"చూడు సూర్యా, ఈ కమ్మరి ఇంట్లో వాళ్ళ మేనత్త ఉండేది. చర్చి పుస్తకాల్లో ఉంది, సమాధి ఉంది, సెన్సస్‌లో లేదు. ఇంట్లో మనిషిని రాయించకపోవడమేంటి? ఏం మనుషులో."

ఆయన కళ్ళద్దాలు తీసి నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ ఏడు మే నెలలోనే కొత్త సెన్సస్ వచ్చింది. ఆన్‌లైన్‌లో సబ్మిట్ చేసేశానని ఆయన భోజనాల దగ్గర గొప్పగా చెప్పాడు.

"ఎంతమందిని రాశావన్నయ్యా?"

"ఇద్దర్ని. నేనూ, మీ వదినా."

"మరి నేనో?"

"నువ్వు ఇంకో ఇంటి కోడలివి కదమ్మా. ఇంటిపేరే వేరు. మా లెక్కలో ఎలా రాస్తాను?"

వదిన పప్పు వడ్డిస్తూ తలెత్తలేదు.

అమ్మకు అన్నం పెట్టనివాడు పిన్నమ్మకు బంగారు గాజులు చేయిస్తానన్నాడట. ఈయన వాడినీ మించినవాడు. ఎవరో కమ్మరి మేనత్త కోసం కంటతడి పెట్టుకుని, ఎదురుగా కూర్చుని తింటున్న తోడబుట్టినదాన్ని వదిలేశాడు. సూర్యకుమారికి ఏడుపు రాలేదు, అసహ్యం వేసింది. కంచం కడుక్కుని కిందికి వెళ్ళి, సెన్సస్ వాళ్ళకి ఫోన్ చేసింది.

మర్నాడు కాఫీ దగ్గర తనే చెప్పింది.

"నువ్వన్నది నిజమే అన్నయ్యా. ఇంటిపేరు వేరు, తలుపు వేరు, పొయ్యి వేరు. అందుకని బేస్‌మెంట్‌ని వేరే ఇల్లుగా రాయించా. అందులో మొదటి పేరు, పర్సన్ వన్, నేనే."

కేశవరావు కప్పు కింద పెట్టేశాడు. కింద వంటిల్లుని ఆయన పర్మిట్ లేకుండా కట్టించాడు.

"మున్సిపాలిటీకి తెలిస్తే ఏమవుతుందో తెలుసా నీకు?"

"ఎలా తెలుస్తుంది? తొంభై రెండేళ్ళదాకా ఎవరికీ చూపించరని నువ్వేగా చెప్పావు. ఆ తర్వాత నీలాంటివాడెవడో చూస్తాడు. ఒకే అడ్రసులో పైన ఒక ఇల్లు, కింద ఒక ఇల్లు, ఇంటిపేర్లు వేరు." ఆమె కాఫీ పూర్తిగా తాగి లేచింది. "మనం ఒక తల్లి పిల్లలమని వాడికి తెలియనే తెలియదు."