పడవ బాగైతే ముందు ఇంటివాళ్లే ఎక్కాలి

బుజ్జవ్వా! ఇప్పటికీ పొద్దున లేవగానే ఇట్లాగే పిలుస్తున్నాను. పలకడానికి నా చిన్న బిడ్డ లేదు. వానాకాలం పోతూ పోతూ జ్వరం తెచ్చింది. దవాఖానకు నడిచి వెళ్లిన పిల్ల నడిచి రాలేదు. సిరిసిల్లలో మా వాడకట్టంతా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఇంకా ఏడుస్తాను. కానీ ఆమెను తలుచుకుంటే ముందు నవ్వే వస్తుంది, ఏం చేయను? ఆ నవ్వు మీకూ చెప్పాలని రాస్తున్నాను.

మాది సాంచెల ఇల్లు. నేనూ మా ఆయనా మర మగ్గాల మీద బట్ట నేస్తాం. బిడ్డ జగిత్యాలలో మా చెల్లెలింట్లో ఉండి ఇంజన్ల పని చదివింది. చదువు కాగానే, బోయినపల్లి దిక్కు డ్యాం నీళ్ల మీద తిరిగే షికారు పడవల రిపేరు నేర్చుకుంటానని పట్టుబట్టింది.

"నీళ్ల మీద పనేంది బిడ్డా? భూమ్మీద బండ్లు లేవా?" అన్నాడు వాళ్ల నాన్న.

"బాపూ, నీ సాంచా ఆగితే ఏం జేస్తవ్? బయటికొచ్చి చాయ్ తాగుతవ్. పడవ నడిమిట్ల ఆగితే బయటికి యాడికొస్తరు? గందుకే గట్టు మీదనే మంచిగ జేసి పంపాలె. గా పని నేను జేస్త."

ఆయన చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టి సాంచెల దిక్కు పోయాడు. చాయ్ మాట తగిలింది.

అక్కడ పని నేర్పే పెద్దమనిషిది కోరుట్ల. అందరూ ఉస్తాద్ అంటారు. చేరిన కొత్తలోనే ఆయనను మా బిడ్డ నీళ్లలోకి సాగనంపింది. ఆ రోజు సద్ది పట్టుకొని పోయాను గనుక నా కళ్లతో చూశాను. ఉస్తాద్ పడవ వెనుక భాగంలో కూర్చొని, ఇంజన్ విప్పి, తల దాంట్లో పెట్టాడు. పడవ తాడు పొట్టిగా ఉంది, ఇంకో తాడు ముడేసి గట్టు మీది గుంజకు కట్టమని బిడ్డకు చెప్పాడు. సాంచా మీద పోగు తెగితే మేము వేసే ముడే వేసింది. మా దగ్గర ముడి కొసలు మిగిలితే యంత్రం పళ్లలో చిక్కుకుంటాయి, అందుకే మొదలంటా కత్తిరిస్తాం. బిడ్డ కూడా కత్తి తీసి కొసలు నున్నగా కోసేసింది. ఎంత బాగుందో అని నేను మురిసిపోయాను. గాలికి పడవ నాలుగు సార్లు గుంజింది, ముడి జారింది, పడవ పోయింది.

చాలా దూరం పోయాక ఉస్తాద్ తల ఎత్తాడు.

"ఓ పిల్లా! గట్టు యాడికి పోతున్నది?"

"గట్టు గీడనే ఉన్నది ఉస్తాద్, మీరే పోతున్నరు!"

ఇంకో పడవ పోయి ఆయనను లాక్కొచ్చింది. దిగి ఆ తాడు చూశాడు. "ఎవలు నేర్పిండ్రు గీ ముడి?" బిడ్డ వేలు నా మీదికి చూపింది. నేను సద్ది గిన్నె కొంగు చాటుకు దాచుకున్నాను. ఆయన నా దిక్కు చూసి, పొట్ట పట్టుకొని నవ్వాడు. "ముడి మంచిదే చెల్లె. కొసలే ఉంచాలె. గీడ చిక్కుకోడానికి పళ్లు లేవు."

సాంచెల చప్పుడులో పెరిగిన పిల్ల గదా, మాట్లాడితే అరిచినట్టే ఉండేది. ఇంజన్లు నడుస్తుంటే అందరూ సైగలు చేసుకునేవాళ్లు, మా బిడ్డ మాట మాత్రం అవతలి గట్టుకు వినబడేది. ఇంటికొస్తే పెట్రోలు వాసన. సబ్బుతో కడిగినా అన్నంలో అదే వాసన. "పోపు మంచిగున్నదమ్మా" అని నన్నే ఏడిపించేది.

ఉస్తాద్ దగ్గర ఒక పద్ధతి ఉంది. నేర్చుకునేవాళ్లు మొదటి పడవను సొంతంగా బాగుచేశాక, ముందు తమ ఇంటివాళ్లను ఎక్కించుకొని తిప్పాలి. అప్పుడే వాళ్లు పనివాళ్ల కింద లెక్క. బిడ్డ వంతు వచ్చింది. నాకేమో మోకాలి లోతు నీళ్లంటేనే గుండె దడ.

"మీ బాపును తీస్కపో" అన్నాను.

"బాపు ఊకెనే ఎక్కుతడు. భయపడెటోళ్లు ఎక్కితెనే నా పని ఎట్లున్నదో తెలుస్తది. నువ్వు రాకుంటె నేను ఉస్తాద్ కాడ ఇట్లనే ఉంట, ముసలిదాన్నయ్యేదాక."

పోయాను. నీళ్లలో తేలే జాకెట్ తొడిగితే మూటలా అయ్యాను. ఎక్కగానే ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"చెయ్యి ఇడువమ్మా. నేను ఇంజన్ జూడాల్నా, నిన్ను జూడాల్నా?"

నడి నీళ్లలోకి పోయాక తనే ఇంజన్ ఆపింది. నేను పెట్టిన కేక గట్టు మీద అందరికీ వినబడిందట. "మల్ల స్టార్టయితదో లేదో నువ్వు జూడాలె గద" అంది చల్లగా. ఇంజన్ తాడు ఒక్క గుంజు గుంజింది. ఇంజన్ అందుకుంది. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. గట్టు మీద ఉస్తాద్ టోపీ తీసి ఊపుతున్నాడు. తిరిగి వస్తుంటే నేనే అన్నాను, ఇంకో సుట్టు తిప్పు బిడ్డా, అని.

బిడ్డ దినాలయ్యాక ఉస్తాద్ ఇంటికి వచ్చాడు. టోపీ తీసి పక్కన పెట్టి కూర్చున్నాడు. అన్నాడు: "రుద్రంగి ఊరి పిల్ల ఒకతి పడవ బాగుజేసింది చెల్లె. అమ్మ లేదు, నాయిన కూలికి పోయిండు. ఎక్కెటోళ్లు లేక పడవ ఊకెనే ఉన్నది. నువ్వొస్తవా?"

మా ఆయన వద్దన్నట్టు చూశాడు. నేను చెప్పులు వేసుకున్నాను.

గట్టు మీద ఆ పిల్ల పడవ తాడు విప్పి మళ్లీ కడుతోంది. "పెద్దమ్మా, ఏమన్నయితే?"

"అయితే ఇద్దరం కలిసి అరుద్దాం. పొద్దున ఏమన్న తిన్నవా?"

తల అడ్డంగా ఊపింది. భయానికి ముద్ద దిగలేదట. ముందు గట్టు మీద కూర్చోబెట్టి, నా సద్ది విప్పి చెరో రొట్టె, చింతకాయ తొక్కు పెట్టాను. రెండో రొట్టె తిని తనే లేచి పడవ దిక్కు నడిచింది. పడవ ఎక్కాం. ఆ పిల్ల ఇంజన్ తాడు గుంజింది, అందుకోలేదు. మళ్లీ గుంజింది, అందుకుంది. ఆ పిల్ల వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వింది, పెదవి మూలన ఇంకా తొక్కు అంటుకొని ఉంది.

ఇది చదివే మీరు ఏ పనిలో ఉన్నా సరే, వేళకు కడుపునిండా తినండి.