గెలిచే మ్యాచ్ ఒప్పుకోని యోబయ్య

మా యోబయ్యకు ఓడిపోవడమంటే ప్రాణం. మామూలుగా ఓడిపోతే సరిపోదు. రైల్లో తిరిగొస్తుంటే ఎదురు సీటువాళ్ళు "ఎన్ని గోల్సు పడ్డయి?" అని అడిగి, జవాబు విని, మొహం కిటికీ వైపు తిప్పుకొని నవ్వుకోవాలి. అట్లా ఓడిపోతే ఆయనకు వారమంతా హుషారు. తన ఫుట్‌బాల్ జట్టు కంటె బలహీనమైన జట్టుతో ఆయన ఒక్క మ్యాచ్ కూడా ఒప్పుకోలేదు. సమానమైన జట్టు దొరికితే మొహం చిట్లించేవాడు.

"గెలిచే మ్యాచ్ ఆడితే ఏమొస్తది మాస్టరు?" అనేవాడు నాతో. "మనకంటె పెద్దోళ్ళతోనే ఆడాలె. దేశానికి ఆడే పిలగాండ్లు గట్లనే తయారైతరు."

ఆ దేశానికి ఆడబోయే పిల్లలెవరంటే, తాండూరు నాపరాయి గనుల్లో బండలు మోసేవాళ్ళు, కుల్కచర్ల దిక్కు నుంచి గొర్లు తోలుకొచ్చేవాళ్ళు. ఒక్కరి కాళ్ళకూ బూట్లు లేవు. కొందరికి చెప్పులు కూడా లేవు.

యోబయ్య రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. వికారాబాద్ జంక్షన్‌లో ఉండేవాడు, పోలీసు యాక్షన్ జరిగిన మరుసటేడు తాండూరుకు బదిలీ మీద వచ్చాడు. చిన్నతనంలో సికింద్రాబాద్ లష్కర్లో గోరా పల్టన్, అంటే తెల్లసిపాయిల వంటింట్లో గిన్నెలు కడుగుతూ, కిటికీలోంచి చూసి ఆట నేర్చుకున్నాడట. నేర్పడం మాత్రం రైల్వే పద్ధతిలో నేర్పేవాడు. గీత బయట రెండు జెండాలతో నిలబడేవాడు. పచ్చజెండా ఊపితే అందరూ ముందుకు, ఎర్రజెండా చూపితే అందరూ వెనక్కి. మా గోల్‌లో బంతి పడే వేళకు ఆయన చేతిలో ఎప్పుడూ పచ్చజెండానే ఉండేది.

నేను అప్పుడు బడిపంతులును. ఒక మూల కూర్చొని చదువుకోవడం తప్ప నాకు వేరే ఆట తెలియదు. ఇంగ్లీషు పేపరు చదువుతానని తెలిసి, ఒకరోజు వచ్చి నా చేతిలో పుస్తకం మూసేశాడు. "పుస్తకం ఏడికి పోదు మాస్టరు. పిలగాండ్లు పెద్దగైపోతరు. నువ్వు మా టీంకు మేనేజరువు." అంతే. అడగను కూడా లేదు.

జట్టు ప్రయాణమంతా యోబయ్య రైల్వే పాసు మీదనే. ఆ పాసు కుటుంబానికి మాత్రమే చెల్లుతుంది. ఒకసారి టిక్కెట్ కలెక్టరు పట్టుకున్నాడు.

"యోబయ్యా, గీళ్ళందరు నీ కొడుకులేనా?"

"అవు సాబ్."

"అందరు ఒక్క ఈడోళ్ళే ఉన్నరు గదయ్యా."

"ఏం జేస్త సాబ్, దేవుడు ఒక్కసారే ఇచ్చిండు."

"వీని పేరేంది?"

"బీరన్న."

"నీది కిరస్తాని పేరు యోబు, నీ కొడుకుకు గొల్లకురుమల దేవుని పేరు బీరన్ననా?"

"వాళ్ళమ్మ మొక్కుకున్నది సాబ్."

కలెక్టరు అటు తిరిగి వేరే డబ్బాలోకి పోయాడు. యోబయ్యకున్నది ఒక్కతే బిడ్డ, అదీ పెళ్ళై మోమిన్‌పేటలో కాపురం చేసుకుంటోంది.

యాభై రెండులో, హెల్సింకీ ఒలింపిక్స్‌లో మన దేశపు జట్టు యుగోస్లావియా చేతిలో ఒకటికి పది గోల్సుతో ఓడింది. ఆ వార్త ఎట్లా చదవాలో తెలియక, ఎవరో పోయినట్టు గొంతు తగ్గించి చదివాను. యోబయ్య కళ్ళు మెరిశాయి.

"పదా? ఎవరు కుదిర్చిండ్రో గాని మంచి టీంను పట్టిండ్రు." దగ్గరికి జరిగి అడిగాడు. "ఆట అయినంక ఏం బెట్టిండ్రంట?"

"ఏం పెట్టడమేంది?"

"తినెతందుకు."

"పేపర్ల రాయలేదు యోబయ్యా."

"అసలుది రాయరు," అని లేచిపోయాడు.

ఆ రోజుల్లో బయటి ఊరి జట్టు ఆడటానికొస్తే, ఆట ముగిశాక ఏదో ఒకటి తినిపించి పంపడం పిలిచినవాళ్ళ మర్యాద. అందుకని అడిగాడనుకున్నాను. అంతకంటె ఆలోచించలేదు.

మా జట్టుకు జెర్సీలు కొనిచ్చింది పాండురంగం సేటు. కందుల వ్యాపారి, ఊరి క్లబ్బుకు కార్యదర్శి. ఆయనకు దేశం సంగతి పట్టదు. తన దుకాణంలో గద్దె పైన పెట్టుకోవడానికి ఒక కప్పు కావాలి, అంతే. ఒకరోజు సంతోషంగా వచ్చాడు.

"యోబయ్యా, ఆఫీసర్ల క్లబ్బు టీం మనతోని ఆడుతనన్నది. అందరికి బొర్రలే. కండ్లు మూసుకొని గెలుస్తం."

"ఆట అయినంక?"

"ఛాయ్ బిస్కెట్."

"స్టాండర్డ్ లేదు సేటు."

"ఆఫీసర్లకు స్టాండర్డ్ లేదా?"

"ఆఫీసర్లకుంటది. టీంకు లేదు."

ఆ క్లబ్బుకు మేము అంతకుముందు ఒకసారి పోయాం. మా పిల్లల్లో కొందరికి వరండా మీద ఛాయ్ ఇచ్చారు, కొందరికి మెట్ల కింద వేరే గ్లాసుల్లో పోశారు. యోబయ్య చిన్నాన్న మనవడు మెట్ల కిందే తాగాడు. ఆ సంగతి యోబయ్య ఎన్నడూ ఎత్తలేదు. స్టాండర్డ్ లేదని మాత్రం అనేవాడు.

ఆయనకు ఇంకో పట్టింపు ఉంది. ఎప్పుడూ అవతలివాళ్ళ మైదానంలోనే ఆడాలి. మన ఊరికి ఎవరినీ పిలవకూడదు. "బయటికి పోయి ఆడితేనే పిలగాండ్లకు ధైర్యమొస్తది," అనేవాడు. మ్యాచ్‌కు ముందు రోజు "టీంను జూసొస్త," అని ఒక్కడే ఆ ఊరికి పోయి, "మస్తు స్టాండర్డ్ ఉన్నది, చిత్తుగ ఓడిపోతం," అని చేతులు రుద్దుకుంటూ తిరిగొచ్చేవాడు.

యాభై ఆరు వానాకాలంలో హైదరాబాద్ నుంచి ఒక పెద్దమనిషి జీపులో వచ్చాడు. దేశపు జట్టుకు పిల్లల్ని చిన్నప్పటి నుంచే తయారు చెయ్యాలని పైనవాళ్ళకు బుద్ధి పుట్టిందట. జిల్లాలు తిరిగి, బాగా ఆడేవాళ్ళను ఏరి శిబిరానికి పంపడం ఆయన పని. మా బీరన్న ఆట చూసి సిగరెట్టు పారేసి నిలబడ్డాడు. బీరన్న గొర్లవెంట తిరిగిన మనిషి, ఎటు మళ్ళుతాడో బంతికే తెలిసేది కాదు. శిబిరంలో చోటు దొరికితే వాడి బతుకే మారిపోతుంది.

"ఆట ఉంది," అన్నాడు పెద్దమనిషి. "మనిషే లేడు."

పాండురంగం సేటు దుకాణంలోని కాంటా మీద తూచాం. అటు కందుల బస్తా, ఇటు బీరన్న. బస్తా కదల్లేదు.

"బూట్లేసుకున్న యూరపు వాడు భుజం తగిలిస్తే వీడు గ్రౌండు బయట పడతాడు. పాలు, గుడ్లు, మాంసం పెట్టండి. ఈ బస్తాను లేపినరోజు, క్రిస్మస్ లోపల తీసుకురండి. చేర్చుకుంటాను," అని జీపెక్కాడు. ఎవరు పెట్టాలో మాత్రం చెప్పలేదు. దేశానికి జట్టు కావాలనేవాళ్ళు చాలామంది కనిపించారు నాకు. జట్టుకు అన్నం పెట్టడం మా పని అన్నవాణ్ణి చూడలేదు.

"జీ సాబ్," అన్నాడు యోబయ్య.

ఇక చూడండి. ప్రతి ఆదివారం మ్యాచ్. మిల్లు జట్టు, పోలీసు జట్టు, అన్నిటికంటె ఎక్కువగా వాడి జంక్షన్ దిక్కున ఉన్న సిమెంటు కంపెనీ జట్టు. ఆ కంపెనీ ఆటగాళ్ళ తొడలు మా పిల్లల నడుముల కంటె లావు. గోల్సు వానలా పడ్డాయి. మధ్యలో నవంబరులో రాష్ట్రాలు మారాయి. అంతవరకు మేమూ కంపెనీవాళ్ళూ గుల్బర్గా జిల్లావాళ్ళమే. తెల్లారేసరికి మేము ఆంధ్రప్రదేశ్, వాళ్ళు మైసూరు.

"జూసినవా మాస్టరు," అన్నాడు యోబయ్య గర్వంగా. "గవర్మెంటే మన స్టాండర్డ్ పెంచింది. రేపోమాపో ఇంటర్నేషనల్ అయితది."

పాండురంగం సేటుకు మాత్రం తల కొట్టేసినట్టయింది. బజారులో ఎవరు కనిపించినా కందుల ధర అడగడం మానేసి గోల్సు అడుగుతున్నారు. నన్ను పక్కకు పిలిచాడు. "మాస్టరు, నువ్వు చదువుకున్నోనివి. గాయన ముందుగాల పోయి ఏం జూసొస్తడో ఎంబడి పోయి జూడు. లేకుంటె జెర్సీలు గుంజుకుంట."

పోయాను. సిమెంటు కంపెనీ మైదానంలో వాళ్ళ ఆటగాళ్ళు సాధన చేస్తున్నారు. యోబయ్య అటు తల కూడా తిప్పలేదు. మైదానం దాటి, ఆఫీసు దాటి, మెస్సు వెనక వంటశాలకు నడిచాడు. అక్కడ వంటమేస్త్రీ దేవప్ప, నడుముకు తువాలు కట్టుకొని, ఉల్లిగడ్డలు కోయిస్తున్నాడు.

"బర్రి, రా రా యోబన్నా. ఊట ఆయ్తా? తిన్నవా?"

"నా తిండి తర్వాత. రేపేంది?"

"జొన్న రొట్టె, అన్నం, మటన్ సారు, మీ భాషల పులుసు."

"ఎన్ని మేకలు?"

"పోయినసారి రెండు కోస్తే మీ పిల్లగాండ్లు గుండి నాకి పెట్టినరప్పా. మా కెప్టెన్‌కే ముక్క దొరకలె. ఈసారి మూడు చెప్పిన."

యోబయ్య పొయ్యి మీది పెద్ద గుండి మూత ఎత్తి లోతు చూశాడు. నా వైపు తిరిగి నింపాదిగా అన్నాడు. "టీం మస్తు స్ట్రాంగైంది మాస్టరు."

తిరుగు రైలెక్కాం. కూర్చోగానే అడిగాను. "అంటే దేశం, స్టాండర్డ్, పెద్దోళ్ళతోని ఆడుడు, ఇదంత తిండికోసమా?"

ఆయనకు కోపం వచ్చింది. "నేను అబద్ధమాడిన్నా? పెద్దోళ్ళతోని ఆడితే ఆట వస్తది. పెద్దోళ్ళ కాడ తింటే తాకతొస్తది. రెండు లేకుంట దేశానికి ఎట్ల ఆడుతరు?"

"ఆ మాట సేటుకు చెప్పొచ్చు గదా."

"ఏమని? మా పిలగాండ్లకు ఆకలైతున్నది, జర ముద్ద పెట్టమనా? గట్ల అడిగితె బిచ్చం. ఆడి తింటె మర్యాద." నవ్వు దాచుకుంటూ అన్నాడు. "ఇంకో మాట. గెలిసినోళ్ళను మల్ల పిలువరు మాస్టరు. ఓడినోళ్ళను వారం వారం పిలుస్తరు."

పాండురంగం సేటుతో నేను, "టీం నిజంగనే బలంగ ఉన్నది," అని మాత్రం చెప్పాను.

డిసెంబరులో బీరన్నను మళ్ళీ కాంటా ఎక్కించాం. బస్తా మెల్లగా లేచింది. యోబయ్య పచ్చజెండా ఊపాడు. బజారంతా నవ్వింది, సేటు కూడా మీసం కింద నవ్వాడు.

సిటీకి పోయాం. మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానం సంపాదించిన రోజులవి. ఆ ఆఫీసులో అందరూ తామే ఆడి వచ్చినట్టున్నారు. పెద్దమనిషి బీరన్నను చూశాడు. టేపు తెప్పించి గోడకు నిలబెట్టాడు.

"తూకం సరే. ఎత్తు చాలదు."

ఎత్తు సంగతి మాకు ముందు ఎవరూ చెప్పలేదు. యోబయ్య చేతులు కట్టుకొని అడిగాడు. "సాబ్, ఎత్తుకు ఏం తినాలె?"

గదిలో అందరూ నవ్వారు. ఆయన నవ్వడానికి అడగలేదు. బయట వరండాలో, శిబిరానికి ఎంపికైన పిల్లలు కొత్త బూట్లు తొడుక్కుంటున్నారు. అందులో ఒకడు బీరన్న చెవిదాకా కూడా రాడు. లోపల టేపు పట్టుకున్న పెద్దమనిషి వాడికి మేనమామట.

సాయంత్రం రైలుకు తిరుగు ప్రయాణం. అనంతగిరి గుట్టలు కనిపించాక బీరన్న అన్నాడు. "అన్నా, నేనిగ గొర్ల కాడికి పోత."

"పోదువు గాని," అన్నాడు యోబయ్య. "ఆదివారం సిమెంటు కంపెనీ ఉన్నది. మాట ఇచ్చినం."

ఊళ్ళో దిగేసరికి సేటు మనిషి జెర్సీల కోసం స్టేషన్‌లోనే నిలబడి ఉన్నాడు. శిబిరానికి పోనివాడికి, కప్పు తేలేనివాడికి బట్టలెందుకని సేటు లెక్క. ఆదివారం మా పిల్లలు బనీన్లతో ఆడారు. "గాలి మంచిగొస్తది," అన్నాడు యోబయ్య. ఆ రోజు బీరన్నకు ఎవరి మీద కోపమో గాని, కంపెనీవాళ్ళను ఒక్కడే దాటుకుంటూ పోయి గోల్ వేశాడు. మేము ఓడాం, సందేహం లేదు. కాని భోజనాల దగ్గర వాళ్ళ కెప్టెన్ వచ్చి బీరన్న పక్కన కూర్చున్నాడు. పిల్లవాడు ఎవరని దేవప్పను అడిగితే, "ఇంత తిని అంత ఉరికేటోడు ఇంకొకడు లేడు సార్, పెట్టుకోండి," అన్నాడట. నెల తిరిగేసరికి బీరన్నకు కంపెనీలో నౌకరీ, జట్టులో చోటు. ఎత్తు ఎవరూ కొలవలేదు.

ఉన్న ఒక్క మంచి ఆటగాడూ అవతలికి పోవడంతో మా ఓటములు ఇంకా పెద్దవయ్యాయి. యోబయ్యకు పండగ.

అరవై రెండులో జకార్తాలో మన దేశం ఏషియన్ గేమ్స్ బంగారు పతకం గెలిచింది. ఆ వార్త వచ్చిన వారమే, కొత్త పిల్లల గుంపుతో కంపెనీకి పోతూ రైల్లో ఆయనకు చదివి వినిపించాను. సంతోషపడ్డాడు, వెంటనే దిగులుపడ్డాడు. "గెలిచిండ్రా? ఇగ వీళ్ళను ఎవరు పిలుస్తరు మాస్టరు?" అప్పుడు నవ్వాను. ఆ తర్వాతి ఏళ్ళలో మన జట్టు పడిన పాట్లు పేపర్లో చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు.

ఆ ఆదివారం కంపెనీ కెప్టెన్ బీరన్న. పాత గురువని చూడకుండా మా మీద గోల్సు కుమ్మరించాడు. ఆట అయ్యాక బూట్లు విప్పి, దేవప్ప చేతిలోంచి గరిటె తీసుకొని, మెస్సులో వరుసగా కూర్చున్న మా బక్కపిల్లలకు తానే వడ్డించాడు. ఒకడు చాలు అంటుంటే వాడి పళ్ళెంలో ఇంకో రెండు ముక్కలు వేశాడు. వడ్డిస్తూ వచ్చి యోబయ్య ముందు ఆగాడు.

"అన్నా, మా టీం స్టాండర్డ్ ఎట్లున్నది?"

యోబయ్య ఒక ముక్క నమిలి చూశాడు. "ముందరి కంటె పెరిగింది. ఉప్పే జర తక్కువైంది."

పిల్లలు పెద్దాయన ఎప్పుడు తినమంటాడో అని చేతులు కట్టుకొని చూస్తున్నారు. యోబయ్య చంకలోంచి పచ్చజెండా తీసి ఒక్కసారి ఊపాడు. ఆ జెండాకు మా జట్టు అంత ఒక్కుమ్మడిగా ముందుకు దూకడం, అన్నేళ్ళలో నేను చూసింది అదే మొదలు.