నా ఇంటి దిగుళ్ళకు హాజరు పిలిచినందుకు

దొంగకు ఫోన్లో నీతి పాఠం చెప్పిన అయ్యోరు మా చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ నేనే! ఆ దొంగ కూడా మామూలోడు కాదు. మధ్యలో ఒక్క మాట అడ్డం రాకుండా పాఠమంతా విన్నాడు. నా ఇరవై రెండేళ్ళ సర్వీసులో అంత శ్రద్ధగా విన్న శిష్యుడు నాకింకొకడు దొరకలేదు. టీ చల్లారకముందే చెప్పేస్తా, వినండి.

మాది కోసిగి పక్కన పల్లె. ఆ ఊరి బడిలోనే నేను టీచరును. పిల్లలు లెక్క తప్పు చేసినా, చెప్పులు పోగొట్టుకున్నా కొట్టను, తిట్టను. కూర్చోబెట్టి కథ చెబుతాను. "రెండు దెబ్బలేసి వదిలేస్తే బాగుండు అనుకుంటాంటారు పిల్లలు" అంటుంది మా ఆవిడ రత్నమ్మ. ఆమె మాటకేం లెండి.

ఈ ఎండాకాలం సెలవుల్లో ఇద్దరం కాశీకి బయలుదేరాం. పన్నెండు రోజుల యాత్ర. మూడు నెలల ముందే టికెట్లు తీసుకున్నా. కాశీకి పోయినవాళ్ళు ఇష్టమైనదేదో ఒకటి అక్కడ వదిలేసి రావాలి కదా.

"నేను వంకాయ వదిలేస్తా. మీరేం వదులుతారు?" అని అడిగింది రత్నమ్మ.

"ఇంటి దిగులు" అన్నా.

ఆమె నవ్వు ఆపడానికి మంచినీళ్ళు తాగాల్సి వచ్చింది. కారణం ఉంది. పోయిన ఏడాది మహానందికని బయలుదేరాం. ఆదోని బస్టాండు దాకా పోయాక నాకు అనుమానం. గ్యాస్ కట్టేశామా? వెనక్కొచ్చి చూస్తే కట్టేసే ఉంది. మళ్ళీ ఆదోని. ఈసారి ఇంకో అనుమానం. గ్యాస్ చూడ్డానికి తలుపు తీశాం కదా, మళ్ళీ తాళం వేశామా? మళ్ళీ వెనక్కి! వేసే ఉంది. అప్పటికి ఆఖరి బస్సు పోయింది. "మహానంది కోనేట్లో మునగాల్సినోళ్ళం, ఆదోని బస్టాండులో చెమట్లో మునిగొచ్చినాం" అని రత్నమ్మ ఏడాదిగా వచ్చిన చుట్టానికల్లా చెబుతోంది.

అందుకే ఈసారి శాస్త్రీయంగా ఆలోచించా. బడిలో నలభై మంది ఉన్నారో లేరో నాకెట్లా తెలుస్తుంది? హాజరు పిలిస్తే తెలుస్తుంది. ఇంటి దిగుళ్ళకూ హాజరు పిలిస్తే?

డ్రాయింగ్ షీటు తీసుకుని ఎర్ర స్కెచ్ పెన్నుతో దిగుళ్ళన్నీ వరస నంబర్లతో రాశా. ఇరవై రెండు తేలాయి. ఇంట్లో గమ్ము లేకపోతే నాలుగు మూలలా అన్నం మెతుకులు మెదిపి నడింటి గోడకు అతికించా. రూలు ఏమిటంటే, నేను పేరు పిలుస్తాను. రత్నమ్మ పోయి చూసి జవాబు చెప్పాలి. టిక్కు పడిందంటే ఆ దిగులు గురించి తిరిగొచ్చేదాకా ఇద్దరిలో ఎవరూ నోరెత్తకూడదు.

ఇక్కడ బొల్లిగాడి సంగతి చెప్పాలి.

మా ఎదురింట్లో సుంకమ్మవ్వ ఉంటుంది. కంటి ఆపరేషన్ బాగా జరిగితే దేవరకు పొట్టేలునిస్తానని మొక్కుకుంది. బాగానే జరిగింది. రెండేళ్ళుగా బిడ్డను సాకినట్టు సాకింది. మొహం మీద తెల్లమచ్చ ఉంటుందని బొల్లిగాడని పేరు. మేం బయలుదేరేది శనివారం, ఊరి దేవర జాతర మంగళవారం. ఇంకో కంటికి ఆపరేషన్ మిగిలే ఉంది. మొక్కు తీర్చకుండా ఆ బల్ల మీద పడుకోనంటుంది అవ్వ.

దేవరకు వదిలిన జీవాన్ని మా ఊళ్ళో ఎవరూ తరమరు. తరిమితే అరిష్టం. కాబట్టి బొల్లిగాడు ఏ ఇంట్లోకైనా నేరుగా వస్తాడు. జొన్నల మూట రుచి చూస్తాడు, నడింట్లో పడుకుంటాడు, బుద్ధి పుట్టినప్పుడు పోతాడు. ఇల్లు ఊడ్చేటప్పుడు వాడి చుట్టూ ఊడుస్తాం. ఎంత అలవాటైపోయిందంటే, వాడు ఇంట్లో ఉన్నా ఉన్నట్టే అనిపించదు. మంచం ఉందని ప్రత్యేకంగా ఎవరు చూస్తారు?

శనివారం పొద్దున ఏడింటికి ఆటో వచ్చి నిలబడింది. నేను గోడ దగ్గర స్కెచ్ పెన్నుతో నిలబడ్డా.

"గ్యాస్!"

"బంద్!"

"వెనక తలుపు!"

"గొళ్ళెం పెట్టినా!"

"రెండో తాళంచెవి!"

"బీరువాలో భద్రంగా ఉండాది!"

టిక్కు పెట్టా. తాళం వేసిన ఇంట్లోపల తాళంచెవి భద్రంగా ఉందని సంతోషించిన బుర్ర ఇది. పిల్లలకు లెక్కలు చెప్పేదీ ఇదే.

బయట ఆటో హారన్. నేను తొందర పెంచా. పంతొమ్మిదో నంబరు. "నడింటి కిటికీ!"

"మే" అని జవాబొచ్చింది.

బడిలో నేను రిజిస్టరులోంచి తల ఎత్తను. పేరు పిలుస్తాను, ఏదో ఒక గొంతు వినపడుతుంది, చెయ్యి టిక్కు పెడుతుంది. ఇరవై రెండేళ్ళ అలవాటు. పెట్టేసింది! ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై రెండుకు కూడా అదే గొంతు అంతే శ్రద్ధగా పలికింది. బయటికొచ్చి కొబ్బరికాయంత కొత్త తాళం వేసి, మూడుసార్లు గుంజి చూశా. రత్నమ్మ ఆటోలో కూర్చుని ఉంది.

"ఎంతసేపయింది కూర్చుని?" అని అడిగితే అక్కడే తేలిపోయేది. అడగలేదు. దిగులు లేని మనిషిని కదా!

బస్సు ఆదోని దాటింది. అనుమానం రాలేదు. నాకే ఆశ్చర్యమేసింది. అప్పుడు సుంకమ్మవ్వ ఫోన్.

"అయ్యోరా, బొల్లిగాడు కనపడలే! పొద్దున్నుంచి ఊరంతా ఎతికినా. నువ్వేమన్నా చూసినావా?"

"లేదే అవ్వా."

"మంగళవారమే కదా దేవర! యాడ పోయినాడో, ఏ కుక్కలు పడినాయో!"

ముసలామె ఏడుపు అందుకుంది. ఇట్లాంటప్పుడు మామూలు మనిషైతే ఏం చేస్తాడు? "ఇంట్లో చూసుకున్నారా, ఫలానా ఇంట్లో అడిగారా" అంటాడు. నేను కథ చెప్పా.

"అవ్వా, ఒక ఊళ్ళో తిమ్మప్ప అని ఉండె. జాతరకు బయలుదేరినాడు. ఇల్లు ఉందో లేదోనని అడుగడుక్కీ వెనక్కి తిరిగి చూసేవాడు. చూసి చూసి మెడ అటే పట్టేసింది. ఇంక ఎట్లా నడిచినా కళ్ళకు ఇల్లే కనపడుతుంది కదా, కళ్ళు చూసిన దిక్కుకే కాళ్ళూ తిరిగినాయి. సాయంత్రానికి జాతరకు వచ్చేశాననుకుని సొంత గుమ్మం ముందే కొబ్బరికాయ కొట్టినాడు. అట్లా ఉంటాదవ్వా దిగులు. పోయినదాని మీద దిగులు వదిలెయ్. అదే వస్తాది."



"నీకేం నాయనా, తాళమేసుకుని పోయినావు. మంగళవారం దేవత ముందర నేనేం పట్టుకుని నిలబడాల?" అని ఫోన్ పెట్టేసింది.

"పొట్టేలు పోయిందని ఆమె ఏడుస్తాంటే కథ చెప్తారా?" అంది రత్నమ్మ.

"దిగులు తగ్గాలని."

"తగ్గిందా?"

నేను కిటికీలోంచి శనగ చేలు చూశా. ఎండాకాలం కదా, చేలు ఖాళీగానే ఉన్నాయి.

ఆదివారం పొద్దున మేం కాశీ రైల్లో ఉన్నాం. ఇడ్లీ పొట్లం విప్పుతుంటే పక్కింటి నాగరాజు ఫోన్.

"సార్, మీ ఇంట్లో దొంగ పడినాడు!"

ఇడ్లీ చేతిలోంచి జారింది. రత్నమ్మ "టిక్కు పడినాక మాట్లాడకూడదు, రూలు" అంది.

"ఎట్లా తెలిసిందప్పా?" అన్నా ఫోన్లో.

"నీళ్ళు పడతాండాడు సార్! బిందె నిండేది ఈడికి వినపడతాండాది!"

నా పట్టీలో కుళాయి పేరు లేదు. ఎందుకుంటుంది? మా ఊళ్ళో నీళ్ళు ఐదారు రోజులకోసారి వస్తాయి. ఎప్పుడొస్తాయో వదిలేవాడికి కూడా తెలియదు. కాబట్టి ప్రతి ఇంట్లో కుళాయి తిప్పే ఉంటుంది, కింద బిందె కాచుకుని ఉంటుంది. కుళాయి కట్టేయడమనేది మాకు తెలిసిన పని కాదు. కానీ రైల్లో ఉన్నవాడికి అదెక్కడ గుర్తొస్తుంది?

"దొంగ నీళ్ళెందుకు పడతాడప్పా?"

"ఆరు రోజులకు వచ్చినాయి సార్. దొంగైతే మాత్రం ఇడుస్తాడా?"

మా ఊరి లెక్కలో అది కాదనలేని మాట.

"శనక్కాయలు కూడా నములుతాండాడు. పొట్టు పగిలే సద్దు వస్తాండాది. 'ఎవడ్రా లోపల' అని తలుపు గుద్దితే, లోపల్నుంచి వాడూ గుద్దినాడు సార్! ఎంత ధైర్యమో చూడు! ఊరంతా కట్టెలు పట్టుకుని వచ్చినారు. బయటికి రానీ, కాళ్ళిరగ్గొడతాం!"

ఎవడో ఆకలికి తాళలేక లోపలికి దూరాడు. నా తలుపు ముందు వాడి ప్రాణం పోతే? "కొట్టద్దండప్పా! స్పీకరు పెట్టి ఫోన్ తలుపు సందులో పెట్టు. నేను మాట్లాడతా."

"దొంగతోనా?"

"పెట్టు నాగరాజూ."

పెట్టాడు. నేను గొంతు సవరించుకున్నా. ఎదురు సీట్లో ఎవరో సేటు పరోటా తినడం ఆపి నన్నే చూస్తున్నాడు.

"నాయనా, నువ్వెవరో నాకు తెలియదు. ఆకలేసి వచ్చినావని తెలుసు. శనక్కాయలు తిను, పర్వాలేదు. తలుపు మాత్రం గుద్దద్దు, తలకు దెబ్బ తగులుతాది. నీ కోసం ఎవరో ఒకరు ఊరంతా వెతుకుతాంటారు. వాళ్ళ కన్నీళ్ళు గుర్తు తెచ్చుకో..."

"నమిలేది ఆపినాడు సార్" అని నాగరాజు గుసగుసగా చెప్పాడు. "వింటాండాడు. చెప్పండి, చెప్పండి."

నాకు ఉత్సాహం వచ్చింది. తిమ్మప్ప కథ మొదట్నుంచీ చెప్పా. అవతల ఎవరో ఆడమనిషి ముక్కు చీదింది. పదిహేను నిమిషాలు! చివరికి గొంతు తగ్గించి అడిగా.

"చేసిన తప్పు ఒప్పుకుంటావా, నాయనా?"

"మే..."

అంతలో సుంకమ్మవ్వ కేక. "ఓరి నాయనో! అది నా బొల్లిగాడి గొంతు!"

ఆ తర్వాత ఫోన్లో వినపడిన నవ్వులు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. తాళంచెవి ఒకటి నా మొలతాడుకు, రైల్లో. రెండోది బీరువాలో భద్రంగా, టిక్కుతో సహా. గడ్డపార తెచ్చారు. తాళం మాత్రం చెక్కుచెదరలేదట. కొన్నది మంచి సరుకే. తలుపే ఊడి వచ్చింది.

అవ్వ ఫోన్ లాక్కుంది. "ఏం అయ్యోరా! నా పొట్టేలుకు నువ్వే తాళమేసుకుని పోయి, పోయినదాని మీద దిగులు వదలమని నాకే కథ చెప్తివా?"

"అవ్వా, అదీ..."

"ఇంకో కథ చెప్పినావంటే రైలెక్కి వస్తా!"

రత్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కిటికీ వైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వుతూనే ఉంది.

కాశీలో గంగలో మునిగా. ఇంటి దిగులు వదిలేస్తున్నా అని సంకల్పం చెప్పుకోబోతే, "ముందు మొలతాడు మీద చెయ్యి తీయండి" అంది రత్నమ్మ. చూసుకుంటే నిజమే. తలుపు లేని ఇంటి తాళంచెవిని నీళ్ళలో కూడా పట్టుకునే ఉన్నా. ఇంకేం చేస్తాను, కాకరకాయ వదిలేసి వచ్చా.

తిరిగొచ్చేసరికి మా గుమ్మానికి అడ్డంగా నులకమంచం, దాని మీద సుంకమ్మవ్వ. తలుపు ఊడిన రోజు నుంచి అక్కడే పడుకుంటోందట. మంగళవారం దేవర బాగా జరిగింది. మొక్కు తీరింది. రెండో కన్ను చూపించుకోవడానికి ఆదోనికి పోయొచ్చింది కూడా. నేను తల వంచుకుని లోపలికి పోయా. శనక్కాయల మూట సగమైంది. నడింటి గోడ మీద నాలుగు మూలలా మెతుకుల మరకలు తప్ప పట్టీ లేదు.

"అవ్వా, ఇక్కడ నా కాగితం ఉండాలే?"

"అన్నం అంటించి పెడితే జీవం ఊరుకుంటాదా? తినేసె. మంగళవారం పొద్దున కూడా నెమరేస్తానే ఉన్నింది." అవ్వ ఆపరేషనైన కన్నుతో నన్ను ఎగాదిగా చూసింది. "నీ దిగుళ్ళన్నీ అట్లనే దేవతకు ముట్టినాయి. ఈ పనికి కాశీ దాకా యాల పోయినావు నాయనా?"

మొన్న బడి తెరిచారు. మొదటి రోజు హాజరు పిలుస్తున్నా. పంతొమ్మిదో నంబరు దగ్గర వెనక వరసలోంచి "మే" అని వచ్చింది. క్లాసంతా కిసుక్కుమంది. టిక్కు పెట్టబోయిన చెయ్యి ఆగింది. లేచి, వరస వరసా తిరిగి, బెంచీల కింద వంగి చూసి, తలుపు వెనక కూడా చూసొచ్చి, అప్పుడు పెట్టా.