ఇసుర్రాయి మీద నాకు ప్రేమ లేదు

మొన్న అల్వాల్‌లో ఒక పెళ్లికి పోతే, ఫంక్షన్ హాలు గుమ్మం పక్కన ఒక ఇసుర్రాయిని పెట్టి, పసుపు రాసి, బొట్లు దిద్ది, బంతిపూల దండ చుట్టారు. మా మనవరాలు దాని పిడి పట్టుకుని ఫోటో దిగుతూ, "నానమ్మా, మీ కాలంల ఎంత మంచిగుండె! జిమ్ముకు పోయే పనే లేదు" అన్నది. పెళ్లిలో నోరు పారేసుకోవడం ఎందుకని ఊరుకున్నాను గాని, ఒళ్లు భగ్గున మండింది.

చిలకలగూడలో మా ఇంటి వెనక వసారాలో అలాంటిదే ఉండేది. పై రాయి నల్లగా, మా నాయనమ్మ మాటంత బరువుగా ఉండేది. మామూలు రోజుల్లో జొన్నలు పిండి పట్టే గిర్నీకి పోయేవి. పండుగలకు శనగపప్పు విసరడానికి, వానాకాలం గటుకకు జొన్నరవ్వ పట్టడానికి మాత్రమే రాయి తిరిగేది. వేడి గటుకలో మజ్జిగ పోసుకుని, పచ్చి ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తినేవాళ్లం. దాని వెనక ఎవరి రెక్కలు అరిగాయో నేను ఆలోచించలేదు.

పోలీస్ యాక్షన్ నాటికి నాకు ఎనిమిదేళ్లు. రజాకార్ల భయానికి పల్లెల్లోని మా చుట్టాలు మూటలు కట్టుకుని వచ్చి మా ఇంట్లో దిగారు. అందరం కలిసి పద్నాలుగు మందిమి. సైన్యం వస్తున్నదన్న కబురుతో గిర్నీ మూతపడింది. అమ్మకు అప్పుడు ఏడో నెల.

"గిర్ని బందైతే ఏంది? ఇసుర్రాయి లేదా?" అన్నది నాయనమ్మ.

చుట్టాలని వచ్చిన ఆడవాళ్లను ఆమె పని ముట్టనివ్వలేదు. అమ్మ పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాకా, ఒక కాలు చాపుకుని, కడుపును పక్కకు ఒరిగించుకుని తిప్పుతూనే ఉండేది. అరచేతుల బొబ్బలు చితికితే పిడికి పాతగుడ్డ చుట్టింది. మగవాళ్లు ముందు గదిలో కూర్చుని నిజాం ఏమంటున్నాడో, ఢిల్లీ ఏమంటున్నదో వాదించుకునేవారు. రొట్టెలు ఆలస్యమైతే నాయిన వసారాలోకి తొంగి చూసేవాడు. చూసి, వెళ్లిపోయేవాడు. అది నేను ఈనాటికీ క్షమించలేదు.

సైన్యం వచ్చాక మా వాళ్ల భయం తీరింది; పక్కింటి ఖాజాబీ వాళ్ల భయం మొదలైంది. దర్జీ పని చేసే ఆమె భర్త తలుపు తీయడం మానేశాడు. అయినా ఆమె పెరటి గోడ దిగి వచ్చి, అమ్మ చేతిలోంచి పిడి తీసుకున్నది.

"అక్కా, నువ్వు లే. జెర నడుము వాల్చు. నేను ఇసురుత."

"మా అత్త ఊరుకోదే."

"ఊరుకోకుంటే నాతోని మాట్లాడమను."

ఆమె సగం గంప పిండి విసిరి వెళ్లాక నాయనమ్మ చూసింది. "ఆమె ముట్టిన పిండి ఈ ఇంట్ల ఎవరు తింటరు?" అని మొత్తం బర్రె కుడితిలో గుమ్మరించింది. అమ్మ మళ్లీ కూర్చుని, అంత పిండీ కొత్త జొన్నలతో మొదటినుంచి విసిరింది.

ఆ సాయంత్రమే నొప్పులు వచ్చాయి. కర్ఫ్యూ. మంత్రసాని రాలేదు. నేను గోడ ఎక్కి కేక వేస్తే మళ్లీ ఖాజాబీయే వచ్చింది. అప్పుడు మాత్రం ముట్టుడు సంగతి నాయనమ్మ ఎత్తలేదు. ఆడపిల్ల. ఒక్కసారి సన్నగా ఏడ్చింది. ఖాజాబీ తన ఓణీలో చుట్టి, గుండెకు అదుముకుని ఎంత వేడి ఇచ్చినా రెండోసారి ఏడవలేదు.

"మేమందరం ఇసిరినోళ్లమే. మాకేం గాలె" అన్నది నాయనమ్మ.

అమ్మ పురిటి మంచం దిగిన రోజు ఖాజాబీని పిలిచింది. ఇద్దరూ పై రాయిని లేపి, పెరట్లోకి దొర్లించి, సమ్మెటతో పగలగొట్టారు. నాయనమ్మ శాపనార్థాలు పెడుతుంటే అమ్మ ఊపిరి తీసుకోవడానికి ఆగి, "ఇగ గిర్ని బందైతే ఉపాసం ఉందాం. నేనైతే ఇసుర" అన్నది. నాయిన గిర్నీ తెరిచిన నాడు జొన్నల సంచి తనే భుజాన వేసుకుని పోయాడు.

ఇప్పుడా ఇల్లు లేదు. ఖాజాబీ వాళ్లు మౌలాలి వైపు వెళ్లిపోయారు, తర్వాత జాడ తెలియలేదు. ఇసుర్రాయితోపాటు దాని పాటలు కూడా పోయాయని బాధపడేవాళ్లు నాకు కనిపిస్తుంటారు. అమ్మ ఆ రోజుల్లో ఒక్క పాట పాడలేదు. పళ్లు బిగపట్టుకుని కూర్చున్నది. రాళ్లు పోతే పోనీ. నాకు పోయింది ఒక చెల్లె. దానికి పేరు కూడా పెట్టలేదు.