లారీకి ఫీడ్ పంపు కొన్నప్పుడు

మా ఆయన లారీ మీద నుంచి పడిన నాటికి ఆ లారీ గురించి నాకు తెలిసింది చాలా తక్కువ. మదనపల్లె మార్కెట్ యార్డులో టమోటా బాక్సులు ఎక్కించాక పైకెక్కి టార్పాలిన్ పట్ట కప్పి తాడు బిగిస్తుంటే కాలు జారింది. మోకాలి కింద ఎముక విరిగింది. ఆసుపత్రిలో రాడ్డు వేసి, కట్టు కట్టి, డాక్టరు చెప్పేదాకా కాలు నేలకు మోపొద్దని ఇంటికి పంపారు. అప్పుడు టమోటా జోరుగా వస్తున్న కాలం. లారీని నిలబెడితే మండీల వాళ్ళు ఇంకో లారీ చూసుకుంటారు. ఒకసారి చూసుకున్నాక మళ్ళీ మన వైపు తిరగరు.

అందుకని భాయ్‌ని పిలిచాం. ఆయనది పుంగనూరు. మా ఆయన సొంత లారీ కొనకముందు ఇద్దరూ ఒకే బండి మీద డ్రైవర్లుగా చేశారు. వాళ్ళింట్లో ఉర్దూ మాట్లాడుకుంటారు, మాతో అచ్చం మా మాదిరే తెలుగు మాట్లాడతాడు. వయసులో మా ఆయన కంటే పెద్ద. దూరం బండ్లు మానేసి ఇంటిపట్టునే ఉన్న మనిషి, ఫోన్ చేసిన మర్నాడే సంచీ తగిలించుకొని వచ్చేశాడు. మా ఆయన ఆయన్ని భాయ్ అంటే నేను అన్నా అనేదాన్ని.

నేను ఇంట్లోనే ముందుగదిలో రవికలు కుడతాను. అంతకుముందు లారీ అంటే నాకు సందు మొదట్లో వినబడే హారను, డీజిలు వాసన పట్టిన చొక్కాలు, అంతే. ఆయన మంచాన పడ్డాక లోడు ఎప్పుడు దొరుకుతుందో కనుక్కోవడం, మండీకి ఫోన్ చేయడం, భాయ్ ఎక్కడున్నాడో తెలుసుకోవడం నా పనులయ్యాయి. ఆయన మాత్రం గోడవైపు తిరిగి పడుకునేవాడు. కొని తెచ్చిన చేతికర్రలు మంచం పక్కన అలాగే ఉండేవి. చూడవచ్చిన వాళ్ళతో కూడా రెండు ముక్కలు మాట్లాడి కళ్ళు మూసుకునేవాడు.

భాయ్ టమోటా లోడుతో పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం దాటి కృష్ణగిరికి పోయేవాడు. ఒకరోజు పొద్దున్నే కుప్పం ఇవతల నుంచి ఫోన్ చేశాడు. మిట్ట ఎక్కుతుంటే ఇంజను గుక్క తిప్పుకోలేనట్టు దగ్గి ఆగిపోయిందని, చేత్తో పంపు కొట్టి డీజిలు దారిలోని గాలి తీస్తే మళ్ళీ లేచిందని, ఎట్లాగో లోడు చేరుస్తానని చెప్పాడు. చేర్చాడు కూడా. కానీ తిరిగొచ్చేటప్పుడు ఖాళీ బండే ఇంకో మిట్ట మీద ఆగిపోయిందట.

మదనపల్లెకు రాగానే నన్ను లారీ దగ్గరికి పిలిచి చూపించాడు. ఇంజను పక్కన పెద్ద డీజిలు పంపు, దాని పక్కకు అతుక్కొని గుప్పెడంత ఇంకో పంపు. దానికి పైన చేత్తో నొక్కే బుడిపె ఒకటి.

"ట్యాంకులో డీజిలు పీల్చి పెద్ద పంపుకు అందించేది ఇదేనమ్మా. దీన్ని ఫీడ్ పంపు అంటారు. ఇది అందీకుంటే ఇంజను ఏం తాగుతాది?" అన్నాడు.

ఆయిల్ చూసే కడ్డీ బయటికి తీసి వాసన చూడమన్నాడు. ఆయిల్లో డీజిలు కంపు. ఎన్నో కిలోమీటర్లు తిరిగిన బండిలో ఆయిలు తగ్గాల్సింది పోయి పెరిగింది. ఫీడ్ పంపు లోపల అరిగిపోయి, డీజిలు ఇంజన్ ఆయిల్లోకి కారుతోందన్న మాట. ఇట్లాగే నడిపితే ఇంజనే పోతుందని చెప్పాడు. పంపు మార్చాలన్న దానిలో ఎవరికీ అనుమానం లేదు. ఏ పంపు వేయాలన్న దగ్గరే గొడవ మొదలైంది.

లారీ కంపెనీ పంపు తప్ప ఇంకోటి వద్దన్నాడు మా ఆయన. మాది పాత మోడల్ బండి. దానికి కంపెనీ పంపు చెన్నై నుంచి తెప్పించాలి, ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. వచ్చేదాకా బండి నిలబెట్టమన్నాడు ఆయన. ఎప్పుడో ఒకసారి బయటి సామాను వేసి నడిరోడ్డు మీద చిక్కుకున్నాడట, అప్పటి నుంచి దాని పేరెత్తితేనే మంట. భాయ్ మాట వేరు. కంపెనీకి సామాను చేసిచ్చే వాళ్ళే బయట కూడా అమ్ముతారు, చూసి తీసుకుంటే తప్పేమిటి, టమోటా మన కోసం ఆగుతుందా అన్నాడు. మంచం మీద నుంచి ఒకరు, లారీ దగ్గర నుంచి ఒకరు, ఇద్దరూ ఫోన్లలోనే అరుచుకున్నారు. చివరకు మా ఆయన ఫోన్ పక్కన పడేశాడు.

"మీ ఇష్టం. నేనేమన్నా బండి తోలతాండానా, యాల నన్నడిగేది?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆయన కోపం పంపు మీద కాదని నాకు తెలుసు. కానీ తెల్లవారితే లోడు ఉంది. భాయ్ విప్పిన పాత పంపును గుడ్డసంచీలో వేసుకొని,  భాయ్‌ని వెంటబెట్టుకొని, లారీ సామాన్లు అమ్మే అంగడికి పోయాను.

అంగడాయన నన్ను దాటి భాయ్ వైపే చూస్తూ మాట్లాడాడు. బల్ల మీద నాలుగు పంపులు పెట్టాడు. ఒకటి రీకండిషన్. పాత పంపు ఒంటికి లోపల కొత్త సామాను వేసి, పైన వెండిరంగు కొట్టింది. ఒకటి చాలా చవక, చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉంది, డబ్బా మీద పేరు భాయ్ కూడా ఎప్పుడూ విననిది. మూడోది కొంచెం ఖరీదు, పంపులే చేసే ఒక కంపెనీది. నాలుగోది కరెంటు పంపు. బ్యాటరీకి వైరు ఇస్తే చాలు, చేత్తో కొట్టే పనే ఉండదన్నాడు. భాయ్‌కి దాని మీద మనసు పోయింది, తిప్పి తిప్పి చూశాడు.

నాకు పంపుల గురించి తెలియదు కానీ కుట్టుమిషన్ గురించి తెలుసు. చూడ్డానికి ఒక్కటే మాదిరి ఉన్న బాబిన్ కేసులు తెచ్చి, ఒకటి దారం తెంపుతూ ఉంటే, రెండోది కుట్టు వదులు చేస్తూ ఉంటే, ఎంతమంది పెళ్ళి రవికలు ఆలస్యం చేశానో. బయటి సామాను అన్నంత మాత్రాన అంతా ఒక్కటి కాదు. అందుకని ముందు పాత పంపు మీది జిడ్డు తుడిచి, దాని మీద కొట్టిన నంబరు చదవమన్నాను. ఆ నంబరు మూడో పంపు డబ్బా మీదే ఉంది. చవకదాని మీద "అన్నిటికీ సరిపోతుంది" అన్నట్టు రాసి ఉంది. పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి బోల్టు రంధ్రాలు, పైపులు బిగించే మరలు సరిచూశాం. చవకదానికి ఒక మర తేడా. వాషరు వేసి సర్దుకోవచ్చన్నాడు అంగడాయన. సర్దుకోవడం నాకు ఇష్టం లేదు.

రీకండిషన్ దాని లోపల ఒళ్ళు ఎంత అరిగిందో పైన రంగు చూస్తే తెలియదు. కరెంటు పంపుకు వైరింగు మార్చాలి. ఈ ఇంజనుకు ఎంత ఒత్తిడి కావాలో అంత ఇస్తుందా అని అడిగితే అంగడాయన మెకానిక్‌ని అడగమన్నాడు. అప్పుడు నేను ఒక మాట అడిగాను.

"ఇది కుప్పంలో చెడిపోతే దీని వాషర్లు, స్ప్రింగులు ఆడ దొరుకుతాయా?"

అప్పుడు మొదటిసారి ఆయన నా ముఖం చూశాడు. మూడోదానికైతే కుప్పంలోనూ పుంగనూరులోనూ దొరుకుతాయని, మిగతావాటి సంగతి తాను చెప్పలేనని అన్నాడు. చెడితే మార్చిస్తానని బిల్లు మీద రాసిచ్చాడు. మూడోదే తీసుకున్నాను. ఇంటికొచ్చి మా ఆయనకు చూపిస్తే చేతిలోకి తీసుకొని బరువు చూశాడు, బుడిపె రెండుసార్లు నొక్కి తిరిగిచ్చాడు.

పుంగనూరు నుంచి భాయ్‌కి తెలిసిన మెకానిక్ వచ్చి దాన్ని బిగించాడు, ఆయిలు కూడా మార్చాడు. చదును రోడ్డు మీద ఖాళీగా తోలితే బండి బాగా పోయింది. మర్నాడు మదనపల్లెలో లోడు ఎక్కించుకొని బయల్దేరిన బండి పుంగనూరు దాటి ఎంతో దూరం పోకముందే, ఒక మిట్ట మీద మళ్ళీ ఆగింది.

ఆ ఫోన్ వచ్చినప్పుడు చేతిలో కత్తెర ఉంది. కింద పెట్టి విన్నాను. భాయ్ గొంతులో నన్నేమీ అనకూడదన్న జాగ్రత్త వినిపించింది, అది తిట్టు కంటే ఎక్కువ బాధగా ఉంది. మండీకి ఫోన్ చేసి ఇంకో లారీ పంపించి టమోటాలు అందులోకి మార్పించాను. ఖాళీ బండిని మెల్లగా పుంగనూరు షెడ్డుకు తెచ్చాడు భాయ్. మా ఆయనకు చెప్పక తప్పదు, చెప్పాను. నేను చెప్పలేదా అంటాడనుకున్నాను. అనలేదు. "కారు మాట్లాడు, పుంగనూరు పోదాం" అన్నాడు.

"కాలు?" అన్నాను.

"కాలు నాతోనే వస్తాది గదా."

పడిన తర్వాత ఆసుపత్రికి తప్ప ఆయన గడప దాటింది ఆ రోజే. చేతికర్రలు పట్టుకొని, ఒంటికాలి మీద గెంతుతూ, నా భుజం మీద బరువు వేసి కారెక్కాడు. దారంతా కాలు సీటు మీద చాపుకొని పళ్ళు బిగబట్టి కూర్చున్నాడు.

షెడ్డులో కుర్చీ వేసి, కాలు కింద ఖాళీ టమోటా బాక్సు బోర్లించి పెట్టారు. వచ్చీ రాగానే మా ఆయన పంపు విప్పమన్నాడు. భాయ్ కూడా సరే అన్నాడు, రీకండిషన్‌ది వేసి చూద్దామన్నాడు. అంతదాకా ఎదురెదురు ఉన్న ఇద్దరూ పంపు విప్పే దగ్గర ఒక్కటయ్యారు. మెకానిక్ స్పానర్ తీశాడు.

నేను అడక్కుండా ఉండలేకపోయాను. "పాతది ఉన్నప్పుడూ మిట్ట మీదే ఆగింది, కొత్తది వేసినా మిట్ట మీదే ఆగింది. రెండు పంపులూ ఒకే మాదిరి ఎట్ల చెడిపోతాయి? విప్పేముందు ఇంకేమన్నా ఉండాదేమో సూడండి."

మెకానిక్ ఆగి మా ఆయన వైపు చూశాడు. మా ఆయన భాయ్ వైపు చూశాడు. తర్వాత మా ఆయన ఒక క్యానులో డీజిలు తెమ్మన్నాడు. ట్యాంకు నుంచి వచ్చే పైపు విప్పేసి, పంపుకు ఆ క్యాను నుంచే డీజిలు ఇవ్వమన్నాడు. క్యాను క్యాబిన్లో తాడుతో కట్టారు. భాయ్ బండి తీసుకొని ఊరిబయట మిట్ట దాకా పోయి వచ్చాడు. ఇంజను ఎక్కడా దగ్గలేదట. ఆయన దిగి వస్తుంటేనే ముఖంలో తెలిసిపోయింది.

అయితే జబ్బు పంపులో లేదు, ట్యాంకుకూ పంపుకూ మధ్య ఉంది. ఆ దారిలో ఒక చోట లోపల కనబడే ప్లాస్టిక్ పైపు ముక్క పెట్టి ఇంజను ఆడిస్తే డీజిల్లో బుడగలు వరసగా వస్తున్నాయి. ఎక్కడో గాలి పీలుస్తోంది. మెకానిక్ బండి కిందికి దూరి రబ్బరు పైపంతా తడుముతూ పోయాడు. చట్రం మీదుగా వంగే దగ్గర, క్లిప్పు కింద, వేలికి తెలిసీ తెలియని పగులు. మిట్ట మీద ఇంజను ఎక్కువ పీల్చినప్పుడు అది నోరు తెరుస్తోంది. పాత పంపు పోయిన మాట నిజమే, పైపు పోయిన మాటా నిజమే. రెండూ ఒకేసారి రావడంతో ఒకదాని వెనక ఇంకోటి దాక్కుంది.

పైపు మారుస్తుంటే మా ఆయన మెకానిక్‌తో "పంపు మంచిదే, దాని జోలికి పోవద్దు" అన్నాడు. ఆ పూట నాకు అది చాలు. భాయ్ బిరియానీ పొట్లాలు తెప్పించాడు. లారీ నీడలో కూర్చొని తిన్నాం. వాళ్ళిద్దరూ తాము కలిసి తోలిన పాత బండి ముచ్చట్లు చెప్పుకుంటూ ఉంటే, మా ఆయన చాలా దినాల తర్వాత నవ్వడం విన్నాను.

తర్వాతి లోడుకు తానూ వస్తానని పట్టుబట్టాడు. సీట్ల వెనక పడుకునే పలక మీద దిండు వేసి ఆయన్ని ఎక్కించాం. ఆయన్ని ఒక్కణ్ణే పంపడం ఇష్టం లేక నేనూ ఎక్కాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో కుప్పం దాకా ఆ లారీలో పోవడం అదే మొదలు. మిట్ట వచ్చినప్పుడు ముగ్గురం మాటలు ఆపేశాం. బండి గేరు మార్చుకొని, పొగ వదిలి, తన పాటికి తాను ఎక్కేసింది. భాయ్ అద్దంలో వెనక్కి చూసి మా ఆయనతో "ఏం అప్పా, నిద్రపోయినావా?" అన్నాడు. ఆయన నిద్రపోలేదు.

ఇప్పుడు మా ఆయన కొంచెం కుంటుతాడు. కుప్పం దాకా తాను తోలతాడు, ఆపైన భాయ్ తోలతాడు. ఆ పంపు ఇంకా అదే. ఈ మధ్య ఇద్దరికీ టైర్ల మీద గొడవ నడుస్తోంది, ఒకరు కొత్తవి అంటారు, ఇంకొకరు పాతవాటికే కొత్త రబ్బరు వేసిన రీట్రేడ్ అంటారు. నన్నడిగారు. రెండు అంగళ్ళు తిరిగి వచ్చాక చెప్తానన్నాను.