అత్త పలికిన పేరు

కళింగపట్నంలో మా అత్తకు ఎండుచేపల కొట్టు ఉంది. మావయ్య పోయాక బేరాలు తగ్గిపోయాయి. ఇంట్లో పనీపాటా లేనివాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, కొట్టుని ఇంటర్నెట్ డైరెక్టరీలో ఎక్కించే బాధ్యత నాకు దక్కింది. యజమాని పేరు దగ్గర ఆగి, "నీ పేరు రాసీమంటావా?" అన్నాను.

"నాదెందుకురా? కొట్టు మీ మావది. ఆయన పేరే రాయి," అంది.

రాశాను. మర్నాడు డైరెక్టరీ వాళ్ల అమ్మాయి ఫోన్ చేసి, వివరాలు సరిచూసుకోవాలి, యజమాని పేరు కొట్టు నడిపే అత్తే స్వయంగా చెప్పాలంది. మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని, నలభై ఏళ్ల కాపురంలో అత్త ఆ పేరు ఒక్కసారీ పలకలేదు. రేషన్ కార్డు రాయించేటప్పుడు కూడా పక్కింటావిడే చెప్పింది.

"సెప్పీ అత్తా. ఇంకా తగ్గడానికి ఆయనకి ఆయుస్సేటి మిగిలింది?" అన్నాను.

జోకు బాగానే ఉందనుకున్నాను. అత్త నవ్వలేదు. చాలాసేపు ఫోను పట్టుకుని కూర్చుంది. తర్వాత కొంగు సర్దుకుని, మావయ్య పేరు ఇంటిపేరుతో సహా మెల్లగా చెప్పింది.

ఆ అమ్మాయి అప్పటికే ఫోన్ పెట్టేసింది.

"ఆ పిల్లకి ఇనబడిందేటి?" అంది అత్త.

"ఇనబడింది," అన్నాను.